8, 10 నాట్స్ గాలిలో కైట్‌సర్ఫింగ్: పెద్ద కైట్ కొనాలా, ఫాయిల్‌కి వెళ్లాలా?

ప్రశ్న వేసినవారిది విజయనగరం, బరువు 82 కిలోలు. రామేశ్వరంలో కైట్‌సర్ఫింగ్ (పెద్ద గాలిపటం లాగుతుంటే బోర్డు మీద నిలబడి నీళ్లపై జారే ఆట) నేర్చుకుని వచ్చి 12 మీటర్ల (అంటే 12 చదరపు మీటర్ల) కైట్, రెండు కొసలూ ఒకేలా ఉండే 138 సెంటీమీటర్ల ట్విన్ టిప్ బోర్డు సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. డిసెంబరు నుంచి నాలుగు ఆదివారాలు చింతపల్లి బీచ్‌కి వెళ్లినా ఒక్కసారి కూడా బోర్డు మీద పది మీటర్లు దాటలేదట. యాప్‌లో గాలి 8 నుంచి 10 నాట్స్ (ఒక నాట్ అంటే గంటకి సుమారు 1.85 కిలోమీటర్లు) చూపిస్తోందట. "17 మీటర్ల కైట్ కొంటే సరిపోతుందా, ఫాయిల్‌కి (అడుగున రెక్కలుండే బోర్డుకి) వెళ్లిపోవాలా, అసలు మన తీరంలో ఇది అయ్యే పనేనా?" అని అడిగారు.

అయ్యే పనే. కానీ 17 మీటర్ల కైట్ ఇప్పుడు కొనకండి. ముందు మీ దగ్గరున్న కైట్ లైన్లు సరిచూసుకోండి, ఆ తర్వాత కాళ్ల కిందున్న బోర్డు మార్చండి. ఇదే 12 మీటర్ల కైట్‌తో పెద్ద బోర్డు మీద 12 నాట్స్ దగ్గర తిరగొచ్చు. నిజంగా 8, 9 నాట్స్‌లోనే తిరగాలంటే మాత్రం ఫాయిల్ ఒక్కటే దారి. ఫాయిల్ వచ్చాక ఈ 12 మీటర్ల కైటే మీకు సరిపోతుంది, 17 మీటర్లది కొన్నా మూల పడి ఉంటుంది.

ఎందుకో వివరంగా రాస్తాను. నాది కళింగపట్నం దగ్గర ఊరు. గోవాలో ఒక కైట్ స్కూల్లో ఏడేళ్లు పనిచేశాను. మొదట కైట్లు మోసి పంపు కొట్టే పని, తర్వాత చిరిగినవి కుట్టే పని, చివరి మూడేళ్లు నేర్పే పని. అక్కడి గాలి కూడా ఎక్కువ రోజులు పన్నెండు నాట్స్ చుట్టూనే ఆడుతుంది. అంచేత నేను నేర్చుకున్నదంతా తక్కువ గాలి విద్యే. ఇంటికి తిరిగొచ్చాక వంశధార మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర, అప్పుడప్పుడూ భావనపాడు వైపు, మీ చింతపల్లిలో కూడా చాలాసార్లు కైట్ ఎగరేశాను.

ముందు లెక్క చూద్దాం. గాలి లాగే బలం గాలి వేగానికి వర్గం చొప్పున మారుతుంది. గాలి సగమైతే లాగుడు సగం అవదు, పావు వంతుకి పడిపోతుంది. మీ 12 మీటర్ల కైట్ 15 నాట్స్‌లో మిమ్మల్ని హాయిగా లాగుతుందనుకోండి. అంత లాగుడు 10 నాట్స్‌లో రావాలంటే 27 చదరపు మీటర్ల కైట్ కావాలి. 8 నాట్స్‌లో అయితే 42 కావాలి. అలాంటి కైట్ ఎవరూ ఎగరేయరు. 12 నుంచి 17కి వెళ్తే, 15 నాట్స్ దగ్గర దొరికే లాగుడు సుమారు 12న్నర దగ్గర దొరుకుతుంది. అంటే కాగితం మీద లాభం రెండున్నర నాట్స్. నీళ్లలో అంత కూడా రాదు. పెద్ద కైట్ బరువెక్కువ, తిరగడానికి బద్ధకిస్తుంది. తక్కువ గాలిలో మనకి బలం వచ్చేది కైట్‌ని వేగంగా పైకీ కిందికీ ఆడించడంలోనే. గాలి ఆడని రోజున కూడా బండి మీద వెళ్తుంటే మొహానికి గాలి కొడుతుంది కదా, కైట్‌కీ అంతే. కదిలే కైట్ తన గాలిని తానే పుట్టించుకుంటుంది. చురుగ్గా తిరిగే 12 మీటర్ల కైట్, బద్ధకంగా వేలాడే 17 మీటర్ల కైట్ కంటే బాగా లాగిన రోజులు నేను చాలా చూశాను.

ఇప్పుడు మీ లైన్ల సంగతి. సెకండ్ హ్యాండ్ అన్నారు కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను. మీ ఇబ్బందిలో సగం ఇక్కడే ఉండొచ్చని నా అనుమానం.

చేత్తో పట్టుకునే బార్ నుంచి కైట్‌కి నాలుగు లైన్లు వెళ్తాయి. మధ్యలో రెండు ముందు లైన్లు, చివర్లలో రెండు వెనక లైన్లు. మన బరువులో ఎక్కువ భాగం నడుముకి కట్టుకునే హార్నెస్ కొక్కెం మీదుగా ముందు లైన్ల మీదే పడుతుంది. ఏడాది, రెండేళ్లు వాడేసరికి అవి సాగుతాయి. వెనక లైన్లు అంతగా సాగవు. చూడ్డానికి నాలుగూ ఒకేలా ఉంటాయి, కొలిస్తే వెనకవి ఏడెనిమిది సెంటీమీటర్లు పొట్టిగా తేలతాయి. దాంతో మీరు బార్ లాగకపోయినా కైట్‌కి సగం లాగినట్టే ఉంటుంది. పదహారు నాట్స్ గాలిలో ఇది తెలియదు. ఎనిమిది, తొమ్మిదిలో మాత్రం కైట్ ముందుకి ఎగరకుండా తోక బరువై వెనక్కి జారుతుంది, జారి జారి తోక మీదే నీళ్లలో కూర్చుంటుంది. దాన్ని చూసి మనం గాలి చాలట్లేదు అనుకుంటాం.

చూసుకోవడం సులువు. ఒడ్డున గట్టి సరుగుడు చెట్టు ఒకటి చూసి, నాలుగు లైన్ల కొసల్నీ ఒకే తాడుతో, ఒకే ఎత్తులో దానికి కట్టండి. లైన్ల పొడవంతా వెనక్కి నడిచి వెళ్లి, ముందు లైన్ల పొడవు సర్దే ట్రిమ్ పట్టీ పూర్తిగా వదిలేసి, బార్‌ని పూర్తిగా లోపలికి లాగి పట్టుకోండి. హార్నెస్‌లో కూర్చున్నట్టు వెనక్కి వాలండి. నాలుగు లైన్లూ ఒకే బిగువుతో ఉండాలి. ముందు రెండూ వదులుగా వేలాడి, వెనక రెండూ తీగల్లా బిగుసుకుంటే జబ్బు దొరికినట్టే. వెనక లైన్ల కొసల్లో సర్దుబాటుకి రెండు మూడు ముడులు ఉంటాయి, పొడవు పెంచే ముడికి మార్చండి. అదీ చాలకపోతే సన్నటి గట్టి తాడు ముక్కలు రెండు, మిల్లీమీటరు తేడా లేకుండా కోసి కలపండి. ఇందుకు ఖర్చు దాదాపు ఏమీ ఉండదు.

గోవాలో ఒకాయన తన కైట్ పాడైపోయిందని, తక్కువ గాలికి పనికిరాదని, సగం ధరకి ఇచ్చేస్తానని తెచ్చాడు. చెట్టుకి కట్టి చూస్తే వెనక లైన్లు జానెడు పొట్టి. ముడి మార్చి అదే సాయంత్రం అదే కైట్ మీద ఆయన్ని నీళ్లలోకి పంపాను. తిరిగొచ్చి ఇంక అమ్మనన్నాడు.

ఇంకో రెండు చిన్న విషయాలు. పంపు గట్టిగా కొట్టండి. తక్కువ గాలి కదా, కొద్దిగా చాల్లే అనుకుంటారు చాలామంది. మెత్తగా ఉన్న ముందు గొట్టం గాలిలో వంగిపోతుంది, ఆకారం పోతే లాగుడు పోతుంది. గోటితో కొడితే టంగుమని మోగాలి. అలాగని గాలి నింపిన కైట్‌ని మన ఎండలో గంటసేపు ఇసుక మీద వదిలేయకండి, వాల్వుల దగ్గర జిగురు కరిగి ఊడుతుంది. రెండోది, కైట్‌ని పొడిగా ఉంచండి. తడిసి ఇసుక పట్టిన గుడ్డ బరువు పదిహేను నాట్స్‌లో లెక్కలోకి రాదు కానీ, ఎనిమిదిలో ఆ బరువే కైట్‌ని కిందికి దించేస్తుంది. ఒకసారి నీళ్లలో పడేస్తే ఒడ్డుకొచ్చి, దులిపి, ఆరబెట్టి మళ్లీ లేపండి.

బోర్డు. దమ్ము చేసిన మడిలో ఉత్తి కాళ్లతో నిలబడితే పిక్కల దాకా దిగిపోతాం. అదే ఓ చెక్క వేసుకుంటే నిలబడతాం. బోర్డు సంగతీ ఇంతే. మీ 138 బోర్డు వెడల్పు 41, 42 ఉంటుంది. దాని రెండు కొసలూ పైకి వంగి ఉంటాయి. ఆ వంపు కెరటాల్లో, గెంతుల్లో బాగుంటుంది కానీ తక్కువ గాలిలో నీళ్లని ముందుకి నెడుతూ వేగం తినేస్తుంది. తక్కువ గాలి బోర్డులు 155 నుంచి 165 పొడవు, 45 నుంచి 50 వెడల్పు, దాదాపు బల్లపరుపుగా ఉంటాయి. కాలు పెట్టగానే తేడా తెలుస్తుంది. నా చేతుల మీదుగా నేర్చుకున్నవాళ్లలో మీ బరువున్నవాళ్లు ఇలాంటి బోర్డుతో, 12 మీటర్ల కైట్‌తో, 12 నాట్స్‌లో బయల్దేరిన చోటికి తిరిగి రాగలిగారు. 10 నాట్స్‌లో గాలివాలుకి కొట్టుకుపోతూ ఒడ్డెంట నడిచి వెనక్కి వచ్చారు. 60 కిలోల కుర్రాళ్లు 10లో కూడా తిరిగారు. బరువు దగ్గర మొహమాటం అక్కర్లేదు, ఈ ఆటలో అది లెక్కలో ఒక అంకె మాత్రమే.

ఇలాంటి బోర్డు బాగా తెలిసిన వడ్రంగి చేత ప్లైవుడ్‌తో కూడా చేయించవచ్చు. మా ఊళ్లో పడవలకి ఫైబర్ పూత వేసే మేస్త్రీ ఒకరు నాకు ఒకటి చేసిపెట్టారు. 160 పొడవు, 46 వెడల్పు. బరువు కొద్దిగా ఎక్కువే కానీ మూడేళ్లుగా పనిచేస్తోంది.

నీళ్లలో నుంచి లేచేటప్పుడు చేసే తప్పులు. మొదటిది, లేవగానే బార్‌ని గుండెలకి హత్తుకోవడం. భయంతో అందరం చేస్తాం. బార్ పూర్తిగా లాగితే తక్కువ గాలిలో కైట్ ఊపిరి ఆగినట్టు ఆగిపోతుంది. లాగండి, లాగుడు తగలగానే ఓ గుప్పెడు వదలండి. రెండోది, కైట్‌ని ఒక్కసారే కిందికి కొట్టి ఊరుకోవడం. ఎక్కువ గాలిలో ఒక్క దెబ్బ చాలు. తక్కువ గాలిలో కైట్‌ని తల మీద నుంచి గట్టిగా కిందికి కొట్టి, మీరు సగం లేచేలోపే పైకి తిప్పి, మళ్లీ కొట్టాలి. ఆ రెండో దెబ్బ ఆలస్యమైతే మునిగిపోతారు. మూడోది, మొదటి క్షణమే గాలికి అడ్డంగా వెళ్లాలని చూడటం. బోర్డు ముక్కుని కైట్ వైపే పెట్టి, గాలివాలుకే పది మీటర్లు పోనివ్వండి. వేగం పుట్టాక నెమ్మదిగా మడమల మీద బరువు వేసి తిప్పండి. వెళ్తున్నంతసేపూ కైట్ పాము నడకలా పైకీ కిందికీ ఆడుతూనే ఉండాలి. ఒకచోట నిలిపితే మీరూ నిలిచిపోతారు.

గాలి ఒక్కసారిగా చచ్చిపోయిందనుకోండి. లైన్లు వదులవుతాయి. అప్పుడు బార్ లాగకూడదు. బార్‌ని మన నుంచి దూరంగా జరగనిచ్చి, ఒడ్డునుంటే వెనక్కి గబగబా నడవాలి, నీళ్లలో ఉంటే వెనక్కి ఈదాలి. లైన్లలో బిగువు ఉన్నంతసేపే కైట్ ప్రాణంతో ఉంటుంది.

ఇక ఫాయిల్. బోర్డు కింద నిలువుగా ఓ స్తంభం, దాని అడుగున విమానం రెక్కల్లాంటి చిన్న రెక్కలు. గాలి కంటే నీరు 800 రెట్లు చిక్కన కాబట్టి, చిన్న రెక్క కూడా నెమ్మది వేగంలోనే మనిషిని నీళ్ల పైకి ఎత్తేస్తుంది. బోర్డు గాలిలోకి లేచాక నీటి రాపిడి చాలా తగ్గిపోతుంది. అందుకే తెల్ల నురగ ఒక్కటీ లేని సముద్రం మీద కూడా ఫాయిల్ వాళ్లు చక్కగా వెళ్లిపోతుంటారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో తొలిసారి కైట్ పోటీలు పెట్టినప్పుడు, మార్సెయ్ తీరంలో అందరూ పరుగెత్తించింది ఫాయిల్ బోర్డుల్నే.

మీరు నేర్చుకోవడానికి ముందు రెక్క 1200 చదరపు సెంటీమీటర్లకి తగ్గకుండా చూడండి. పెద్ద రెక్క తక్కువ వేగంలోనే లేస్తుంది, మెల్లగా లేస్తుంది. స్తంభం మొదట పొట్టిది, 60 సెంటీమీటర్ల లోపుది దొరికితే మంచిది. తర్వాత 75, 85కి వెళ్లొచ్చు. కొత్త సెట్టు లక్ష రూపాయలు దాటుతుంది కాబట్టి సెకండ్ హ్యాండ్ చూడండి, స్క్రూలు తుప్పు పట్టి బిగుసుకుపోలేదని విప్పి చూసి మరీ తీసుకోండి. ఎనిమిది పది రోజులు పడటంతోనే సరిపోతుంది. హెల్మెట్, ఛాతీకి కట్టే ఇంపాక్ట్ జాకెట్ లేకుండా ఒక్క నిమిషం కూడా ఎక్కకండి. ఆ రెక్కల అంచులు కత్తుల్లాంటివి.

మన తీరంలో ఫాయిల్‌కి రెండు చిక్కులున్నాయి. ఒకటి లోతు. ఒడ్డు దగ్గర విరిగే కెరటం దాటేదాకా బోర్డుని పక్కకి పడుకోబెట్టి, మోసుకుంటూ వెళ్లాలి. మొగల దగ్గర ఇసుక మేట ప్రతి వరదకీ చోటు మారుతుంది. పోయినసారి నడుం లోతున్న చోట ఈసారి మోకాలు లోతే ఉండొచ్చు, వేగంలో రెక్క ఇసుకకి తగిలితే మనిషి ముందుకి విసిరేసినట్టు పడతాడు. మీ చింతపల్లిలో రాళ్లు కూడా ఉన్నాయి. అక్కడి జాలర్లని అడగండి, ఏ రాయి ఎక్కడుందో ఆటుపోట్లతో సహా చెప్తారు. రెండోది వలలు. తేలే బెండ్ల వరస కనిపిస్తే దాని మీదుగా ఎప్పుడూ వెళ్లొద్దు. ట్విన్ టిప్ జారిపోతుంది, ఫాయిల్ చిక్కుకుంటుంది. మీకు దెబ్బ, వాళ్లకి నష్టం. నేను ఒకసారి వల తెంపాను. ఆ రోజే వెళ్లి డబ్బు ఇచ్చి, కూర్చుని అల్లికలో సాయం చేశాను. ఆ ఇంటివాళ్లే తర్వాత నన్ను సముద్రంలోంచి తీసుకొచ్చారు. అదీ చెప్తాను.

గాలి వేళ తెలుసుకోండి. నాలుగు ఆదివారాలు వెళ్లానన్నారు, ఏ టైముకి వెళ్లారో రాయలేదు. ఉదయం ఏడింటికి వెళ్లి ఉంటే అసలు గాలే తప్పు. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా ఉంటుంది. సముద్రం వైపు తిరిగి నిలబడితే మొహం ఆగ్నేయానికి ఉంటుంది. శీతాకాలం పొద్దున్నే వచ్చేది నేల మీద నుంచి సముద్రం మీదికి పోయే గాలి. అది చల్లగా, హాయిగా ఉంటుంది కానీ మిమ్మల్ని ఒడ్డుకి తేదు, లోపలికి తీసుకుపోతుంది. నేల గాలిలో, అది ఎంత మెత్తగా ఉన్నా, నీళ్లలోకి దిగకండి. పడవ వెంట ఉంటే తప్ప.

నేల వేడెక్కాక సముద్రపు గాలి మొదలవుతుంది. మొదట తిన్నగా ఎదురుగా వస్తుంది, మధ్యాహ్నం గడిచేకొద్దీ కుడిచేతి వైపుకి, దక్షిణం మీదికి, తర్వాత నైరుతి వైపుకి జరుగుతుంది. ఒడ్డుకి అడ్డంగా, కొద్దిగా ఒడ్డు వైపుకి ఉన్నప్పుడే మనకి పనికొచ్చే గాలి. డిసెంబరు, జనవరిలో ఇది మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య బలంగా ఉంటుంది, బలం అంటే మీరు చూస్తున్న 8, 10. అయిదున్నరకల్లా పొద్దు కుంకుతుంది, కాబట్టి నాలుగింటికి నీళ్లలోంచి బయటికి రావాలి. మార్చి రానివ్వండి. మార్చి నుంచి మే దాకా ఇదే బీచ్‌లో మధ్యాహ్నాలు 12, 14 దాటే రోజులు దొరుకుతాయి, మీ 12 మీటర్ల కైట్ అప్పుడు మీతో మాట్లాడుతుంది. వానాకాలంలో గాలి ఉంటుంది కానీ సముద్రం మంచిది కాదు, కొత్తవాళ్లకి నేను చెప్పను. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఏమైందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

యాప్‌లో అంకె కొన్ని కిలోమీటర్ల గడికి సగటు. దాన్ని చూసి బయల్దేరండి, ఒడ్డుకెళ్లాక నీళ్లని నమ్మండి. నీళ్ల మీద చిన్న ముడతలు మాత్రమే ఉంటే ఆరేడు నాట్స్. అక్కడొకటి అక్కడొకటి తెల్ల నురగ తలలు లేస్తుంటే పది. ఎటు చూసినా తెల్లగా కనిపిస్తే పన్నెండు దాటినట్టే. సరుగుడు తోపు ఒడ్డునే ఉంటే దాని చప్పుడు కూడా ఓ గుర్తు. మా తోపు సన్నగా ఈల వేయడం మొదలుపెట్టాక గానీ నేను పంపు బయటికి తీయను. తోపు పక్కనే కైట్ లేపకండి, చెట్ల నీడలో గాలి విరిగి సుడులు తిరుగుతుంది.

బల్లపరుపు నీళ్లు దొరికితే అదొక వరం. చిన్న గాలిలో ప్రతి కెరటం గుద్దూ కాస్త వేగం తింటుంది. అందుకే వంశధార మొగ దగ్గర ఇసుక మేట వెనక నిలిచే నీళ్లంటే నాకిష్టం. కానీ అక్కడే నాకు దెబ్బ తగిలింది. ఓ జనవరి సాయంత్రం గాలి తొమ్మిది ఉంటుందేమో, మొగకి బాగా దగ్గరగా వెళ్లాను. ఆటు మొదలైంది, నీళ్లు సముద్రంలోకి లాగుతున్నాయి. అలా లాగుతున్న నీళ్లతోపాటు గాలివాలుకి పోతుంటే, ఉన్న గాలి కూడా కైట్‌కి తగ్గిపోతుంది. ఇది అప్పుడు నాకు తట్టలేదు. కైట్ నీళ్ల మీద పడింది. గాలి అయిదారుకి తగ్గిపోయి మళ్లీ లేవలేదు. లైన్లు చుట్టుకుని, కైట్ దగ్గరికి ఈది, రెక్క చివర పట్టుకుని తెరచాపలా వాడదామంటే దానికీ గాలి లేదు. నలభై నిమిషాలు. వేట నుంచి వస్తున్న పడవవాళ్లు చూసి ఎక్కించుకున్నారు. నేను వల తెంపిన ఇంటివాళ్లే.

ఆ రోజు నుంచి నా నియమాలు ఇవి: కైట్ నీళ్లలో పడితే మళ్లీ లేపగలిగే గాలి ఉంటేనే లోపలికి వెళ్లాలి. గాలి నింపే కైట్లకి ఇది సుమారు 8 నాట్స్, ఒకే ఒక అడ్డగొట్టం ఉన్న తేలిక కైట్లకి కొద్దిగా తక్కువ. ఒడ్డున ముందు ఒకసారి కావాలని నీళ్ల అంచున పడేసి, లేస్తుందో లేదో చూసుకోండి. ఈది రాగలిగినంత దూరం దాటొద్దు. మొగకి ఆటు వేళ దగ్గరికి వెళ్లొద్దు. ఒడ్డున ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి దగ్గర ఏదో ఒక పడవ యజమాని ఫోన్ నంబరు ఉండాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కాబట్టి మరపడవలు బయటికి రావు. వలల బెడద తగ్గుతుంది, నిజమే. మిమ్మల్ని చూసి ఆగే పడవ కూడా ఉండదు. ఆ రెండు నెలలూ ఇంకా ఒడ్డుకి దగ్గరగా ఉండండి.

17 మీటర్ల కైట్ వద్దనడానికి నా మనసులో ఉన్న అసలు కారణం ఇప్పుడు చెప్తాను. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు పడమటి కొండల మీద మబ్బు కట్టి, ఉన్నట్టుండి ఈదురుగాలి దిగుతుంది. ముందు సముద్రపు గాలి చచ్చిపోతుంది. ఆ నిశ్శబ్దం అయిదు నిమిషాలు ఉండొచ్చు, పదిహేను ఉండొచ్చు. ఆ తర్వాత నేల వైపు నుంచి చల్లగా, ఒక్క దెబ్బకి ముప్ఫై నాట్స్ పైన కొడుతుంది. పది నాట్స్ నుంచి ముప్ఫైకి పెరిగితే లాగుడు తొమ్మిది రెట్లు. తక్కువ గాలికని పెద్ద కైట్ కట్టుకున్న మనిషి ఆ క్షణంలో గాలిలోకి లేచిపోతాడు, అదీ సముద్రం వైపుకి. మా స్కూల్లో ఒకతను అలాగే లేచి ఇసుక మీద పడి భుజం విరగ్గొట్టుకున్నాడు. అతను ప్రమాదంలో కైట్‌ని వదిలించే క్విక్ రిలీజ్ తోయడానికి చెయ్యి కదిపేలోపే అంతా అయిపోయింది. కాబట్టి పడమర నల్లబడితే, గాలి ఇంకా బాగానే ఉన్నా, కైట్ దించి గాలి తీసేయండి. గాలి ఆగిపోయాక దించుదాంలే అనుకోకండి. క్విక్ రిలీజ్‌ని ప్రతిసారీ నీళ్లలోకి వెళ్లేముందు ఒకసారి తోసి చూసుకోండి. ఇసుక దూరితే బిగుసుకుంటుంది.

వాతావరణ శాఖ మత్స్యకారులకిచ్చే హెచ్చరికలు, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఇచ్చే సముద్ర సూచన రెండూ ఉచితమే. బయల్దేరేముందు రెండూ చూడండి. వాళ్లు వేటకి వెళ్లొద్దన్న రోజు మనమూ వెళ్లకూడదు.

మరో మాట, జనవరి నుంచి మార్చి దాకా మన ఒడ్డుకి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. కంచె కట్టిన చోట లైన్లు పరవకండి, కైట్ ఈడ్చకండి. నీళ్లలో తాబేలు తల కనిపిస్తే దూరంగా తిరిగి వెళ్లండి, ఫాయిల్ మీద ఉంటే మరీ దూరంగా.

మీ డబ్బు ఏ వరసలో ఖర్చు పెట్టాలంటే: ఈ వారం లైన్లు. ఈ నెలలో పెద్ద బోర్డు, కొన్నా చేయించినా సరే. మార్చి నుంచి మే దాకా దాని మీద గాలికి ఎదురు వెళ్లడం రావాలి, బయల్దేరిన చోటికి తిరిగి రావడం రావాలి. అది వచ్చాకే ఫాయిల్. అది రాకుండా ఫాయిల్ కొన్నవాళ్లు ఇద్దరు నాకు తెలుసు, ఇద్దరి ఫాయిళ్లూ అటక మీద ఉన్నాయి. ఆ తర్వాత కూడా ఇంకా తక్కువ గాలి కావాలనిపిస్తే, పెద్ద గొట్టాల కైట్ బదులు పారాచూట్ గుడ్డలా గదులు గదులుగా ఉండే తేలిక కైట్ చూడండి. అది ఆరేడు నాట్స్‌లో కూడా నిలబడుతుంది. కానీ నీళ్లలో పడి నీళ్లు నిండితే లేవదు, కాబట్టి అది చేయి తిరిగినవాళ్ల సామాను.

వచ్చే ఆదివారం నేను కళింగపట్నంలోనే ఉంటాను. మీ కైట్, బార్ పట్టుకుని మధ్యాహ్నం ఒంటిగంటకల్లా రండి. లైట్‌హౌస్ దాటాక మొగ వైపు వెళ్లే దారిలో సరుగుడు తోపు దగ్గర ఉంటాను. ముందు లైన్లు చెట్టుకి కట్టి చూద్దాం. గాలి పది దాటితే నా 160 బోర్డు మీద మీరే ఎక్కి చూడండి, కొనాలో వద్దో అక్కడే తేలిపోతుంది. గాలి లేకపోతే వెనక్కి ఈదడం, లైన్లు చుట్టుకోవడం ఒడ్డు దగ్గరి నీళ్లలో నేర్పిస్తాను.